నందిని శిలాచరిత్ర

నందిని అనే పేరు వినగానే తెలుగు పాఠకునికి వసిష్ఠుని ఆశ్రమం స్మరణకు వస్తుంది. సంతానార్థియైన దిలీపుడు పగలంతా వెంట నడచి సేవించిన ధేనువు అది. సింహం పాలబడబోయిన ఆ గోవుకు బదులుగా తన దేహాన్నే ఒప్పగించ సిద్ధపడిన రాజు కథ కాళిదాసును చదివిన వారందరికీ పరిచితమే. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, దుర్గ్ జిల్లాలో, భిలాయి ఉక్కు పట్టణానికి ఉత్తరంగా 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో అదే పేరు గల ఊరొకటి ఉన్నది. ఈ నందిని లోకానికి ఇచ్చినది పాలు కాదు, రాయి. భిలాయి కొలిములు వెలిగిన తొలినాళ్ళ నుండి వాటికి కావలసిన సున్నపురాయి ఈ ఊరి గనుల నుండే బయలుదేరినది.

ఇనుము చరిత్ర వ్రాసినవారు ఇనుపరాతిని గురించి వ్రాసినారు, బొగ్గును గురించి వ్రాసినారు. సున్నపురాతిని గురించి, దానికి తోబుట్టువు వంటి డోలమైటును గురించి వ్రాసినవారు తక్కువ. వంటలో ఉప్పువలె అవి కరగిపోతవి. వడ్డించిన విస్తరిలో కనిపించవు. కాని ఉప్పు లేని వంట ఎటువంటిదో ఈ రెండు రాళ్ళు లేని కొలిమి కూడా అటువంటిదే. ఆ రాళ్ళు ఏ విధంగా పుట్టినవో, ఒకటి మరొకటిగా ఏ విధంగా మారినదో, ఆ మార్పు వలన వాటి గుణాలు ఎట్లు భేదించినవో తెలుసుకొనడానికి మానవునికి రెండు శతాబ్దాలకు పైగా పట్టినది. ఆ విచారణ నేటికీ పూర్తిగా ముగియలేదు.

నందిని చుట్టూ ఉన్న నేల చదునైనది. మహానదికి ఉపనది అయిన శివనాథ్ ఈ మైదానాన్ని తడుపుతూ పోతుంది. ఇక్కడి రైతులు తమ భూములకు కన్హార్, డోర్సా, మటాసి, భాటా అని నాలుగు పేర్లు పెట్టుకొన్నారు. నల్లని బంకనేల కన్హార్. పసుపు ఛాయ గల నేల మటాసి. ఆ రెంటికీ మధ్యస్థమైనది డోర్సా. ఎర్రని గులకతో నిండి, పైరు నిలువని మిట్టభూమి భాటా. ఈ నేలల అడుగున ఏమున్నదో విచారించ వలసిన అవసరం వారికి అంతగా కలుగలేదు. నాగలి కర్రుకు తగిలినప్పుడు, బావి త్రవ్వినప్పుడు మాత్రం బూడిదవన్నె రాతిపలకలు బయటపడేవి. వాటిని కాల్చి సున్నం చేసుకొనేవారు. గోడలకు, తాంబూలానికి ఆ సున్నమే సరిపోయేది. రాతితో అంతకు మించిన పని ఆ పల్లెలకు లేదు.

భూవిజ్ఞానులు ఛత్తీస్‌గఢ్ ద్రోణి అని పేర్కొనే ఈ ప్రాంతం వైశాల్యం సుమారు 33,000 చదరపు కిలోమీటర్లు. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం ఇక్కడ సముద్రముండేది. దాని అడుగున మొదట ఇసుక పరచుకొని ఇసుకరాయి అయినది. తరువాత సున్నపు ఒండ్రు, బంకమట్టి పొరలు పొరలుగా పేరుకొన్నవి. ఆ పొరలకు శాస్త్రజ్ఞులు స్థానికమైన పేర్లే పెట్టినారు. చర్మురియా సున్నపురాయి, దాని మీద గుండర్‌దేహి పలకమట్టి రాయి, ఆపైన చండి సున్నపురాయి, తరేంగా పలకమట్టి రాయి, హిర్రి డోలమైటు, అన్నిటికీ పైన మనియారి పొర. నందిని గనులు ఈ వరుసలోని చండి పొరకు చెందినవి.

చండి పొరలోని రాతిని కోసి చూచినవారికి అందులో ఒకదానిపై ఒకటి బోర్లించిన గిన్నెల వంటి వంపుగీతలు కనిపిస్తవి. వీటిని స్ట్రోమటొలైట్లు అంటారు. చేప గాని, నత్త గాని, గవ్వ గాని ఇంకా పుట్టని కాలమది. వెలుతురు అడుగంటిన లోతులేని నీటిలో జీవించిన సూక్ష్మజీవులు జిగురు తెరలుగా పరచుకొనేవి. ఆ తెరల మీద సున్నపు రేణువులు అంటుకొనేవి. కింది తెర పూడిపోగా, సూర్యరశ్మి కోసం దానిపై మరొక తెర ఎదిగేది. ఈ విధంగా పుట్టలు పెరిగినవి. నందిని రాయి ఒక విధంగా ఆ కంటికి కనిపించని జీవుల కట్టడమే.

ఈ విషయంలో తెలుగు నేలకు, ఛత్తీస్‌గఢ్‌కు ఒక పాత సంబంధమున్నది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాసముదాయాలను గురించి విపులమైన గ్రంథం ప్రకటించినాడు. పిదప 1880లలో ఆయనే ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు సర్వేక్షణను గురించి కూడా వ్రాసినాడు. కడప ద్రోణిలో వేంపల్లె పేరుతో ప్రసిద్ధమైన డోలమైటు పొరలు ఛత్తీస్‌గఢ్ పొరల కంటె చాల ప్రాచీనమైనవి. పులివెందుల వద్ద ఆ పొరలలోనికి చొచ్చుకొని వచ్చిన డోలరైట్ శిల వయస్సే సుమారు 190 కోట్ల సంవత్సరాలని తేలినది. ఆ పొరలలో కూడా స్ట్రోమటొలైట్లు ఉన్నవి. వేంపల్లె వాగులో, శివనాథ్ ఒడ్డున ఒకే జాతి కుమ్మరులు వేర్వేరు యుగాలలో పనిచేసినట్లున్నది.

సున్నపురాయి, డోలమైటు చూపులకు కవలలు. రెండూ బూడిదవన్నెవే. రెండూ కార్బనేట్ శిలలే. సున్నపురాతిలో ప్రధానమైన ఖనిజం కాల్సైట్, అనగా కాల్షియం కార్బనేట్. డోలమైటు ఖనిజంలో కాల్షియంతోపాటు దాదాపు అంతే సంఖ్యలో మెగ్నీషియం పరమాణువులుంటవి. అవి కలగాపులగంగా ఉండవు. ఒక వరుస కాల్షియం, ఒక వరుస మెగ్నీషియం, వాటి మధ్య కార్బనేట్ వరుసలు, ఈ క్రమం తప్పకుండా స్ఫటికమంతటా సాగుతుంది. మేలైన కాల్సైట్‌ను కాల్చితే బరువులో 56 శాతం సున్నం మిగులుతుంది. డోలమైటును కాల్చితే సుమారు 30 శాతం సున్నం, 22 శాతం మెగ్నీషియా మిగులుతవి. తక్కినది బొగ్గుపులుసు వాయువై ఎగిరిపోతుంది.

ఈ భేదాన్ని గుర్తించడానికి గని పనివారికి, విద్యార్థులకు తెలిసిన సులభమైన పరీక్ష ఒకటున్నది. పలుచని హైడ్రోక్లోరికామ్లం చుక్క వేస్తే సున్నపురాయి వెంటనే చుయ్యిమని పొంగుతుంది. డోలమైటు మీద అదే చుక్క దాదాపు నిశ్చలంగా నిలుస్తుంది. కత్తితో గీకి పొడి చేసి వేసినప్పుడు, లేదా ఆమ్లాన్ని వెచ్చచేసినప్పుడు మాత్రమే మెల్లగా బుడగలు లేస్తవి. ఈ చిన్న పరిశీలనయే డోలమైటు అనే పేరుకు మూలమైనది.

ఫ్రాన్సు దేశీయుడైన దియోదా ద డోలోమ్యూ 1750లో జన్మించినాడు. వంశం చేత ప్రభువు, వృత్తి చేత మాల్టా వీరసంఘ సభ్యుడు, అభిరుచి చేత శిలాశోధకుడు. ఆల్ప్స్ పర్వతాలలోని టిరోల్ ప్రాంతంలో సంచరిస్తూ, చూపులకు సున్నపురాయివలె ఉండి ఆమ్లానికి చురుకుగా పొంగని రాతిని గమనించి, ఆ విషయం 1791లో ఒక లేఖారూపంలో ప్రకటించినాడు. మరుసటి సంవత్సరం నికొలా తెయొదోర్ ద సొస్యూర్ ఆ రాతిని రసాయనికంగా పరీక్షించి దానికి డోలమైటు అని నామకరణం చేసినాడు. మనిషి పేరు రాతికి, రాతి పేరు చివరకు ఆ పర్వతపంక్తికి సంక్రమించినవి. నేటికీ ఆ ఇటలీ పర్వతాలను డోలమైట్లు అనే పిలుస్తున్నారు.

డోలోమ్యూ జీవితం సుఖాంతం కాలేదు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టుకు వెళ్ళిన పండితులలో ఆయన ఒకడు. తిరుగుప్రయాణంలో ఓడ దక్షిణ ఇటలీ తీరం చేరగా శత్రువులు ఆయనను పట్టుకొని మెస్సీనాలోని చీకటి కొట్టులో బంధించినారు. సుమారు 21 నెలలు ఆ కారాగారంలో గడచినవి. కాగితం లేదు, సిరా లేదు. దీపపు మసిని సిరాగా, కట్టెపుల్లను కలముగా చేసికొని, దగ్గరనున్న బైబిలు పుటల అంచుల మీద ఖనిజజాతులను గురించిన తన సిద్ధాంతాన్ని వ్రాసుకొన్నాడని ప్రసిద్ధి. 1801లో విడుదలైనాడు. ఆ గ్రంథం ఆ సంవత్సరమే వెలువడినది. ఆ సంవత్సరం నవంబరులోనే ఆయన మరణించినాడు. తన పేరు ధరించిన రాయి ఎట్లు పుట్టినదనే ప్రశ్నకు సమాధానం ఆయనకు లభించలేదు.

ఆ ప్రశ్నను ఆయన కంటె ముందే 1779లో ఇటలీకి చెందిన జొవాన్ని అర్దూయినో స్పృశించినాడు. సున్నపురాతిలోనికి మెగ్నీషియం ప్రవేశించి దానిని మార్చివేసి ఉండవచ్చునని ఆయన ఊహ. అది మొత్తం మీద నిజమని తేలినది. ప్రపంచంలోని డోలమైటు రాశులలో అధికభాగం మొదట సున్నపురాయిగానో, సున్నపు ఒండ్రుగానో ఉండి తరువాత మారినవే. మెగ్నీషియం ఎక్కువగా గల నీరు రాతిగుండా ప్రసరించినప్పుడు కాల్సైట్ కొద్దికొద్దిగా కరుగుతుంది. ఆ స్థానంలో డోలమైటు స్ఫటికాలు ఏర్పడుతవి. కరగి బయటికి పోయిన కాల్షియాన్ని నీరు మోసుకొనిపోతుంది.

ఆ మెగ్నీషియం ఎక్కడ నుండి వచ్చినది? సముద్రమే దానికి పెద్ద భాండాగారం. ఎండలు మండే తీరాలలో, లోతులేని కయ్యలలో సముద్రజలం ఆవిరి అవుతున్నప్పుడు మొదట జిప్సం వంటి లవణాలు అడుగున చేరుతవి. జిప్సం కాల్షియాన్ని తీసుకొనిపోగా మిగిలిన నీటిలో మెగ్నీషియం పాలు పెరుగుతుంది. ఆ చిక్కని నీరు బరువెక్కి అడుగునున్న సున్నపు పొరలలోనికి ఇంకుతుంది. అబూధాబి తీరంలోని ఉప్పుమైదానాలలో నేటికీ ఈ విధంగా కొద్దిపాటి డోలమైటు ఏర్పడుతున్నది. భూగర్భంలో లోతుగా పూడిన పొరలలో, అక్కడి వేడిమికి, వెచ్చని ఉప్పునీటి ప్రసారానికి లోబడి మారిన రాయి కూడా ఉన్నది. ఛత్తీస్‌గఢ్‌లో హిర్రి డోలమైటుకు పైనున్న మనియారి పొరలో జిప్సం కనిపించడం గమనింపదగినది. ఎండిపోతున్న సముద్రపు చివరిరోజులకు అది సాక్ష్యమిస్తున్నది.

అయినా ఒక చిక్కు మిగిలిపోయినది. పూర్వయుగాల శిలలలో డోలమైటు కొండలుగా ఉన్నది. నేటి సముద్రాలలో మాత్రం అది అరుదు. సముద్రజలంలో డోలమైటు ఏర్పడడానికి కావలసిన పదార్థాలన్నీ కావలసిన దానికంటె ఎక్కువగానే ఉన్నవి. అయినా ఏర్పడదు. ప్రయోగశాలలో సాధారణ ఉష్ణోగ్రత వద్ద దానిని పుట్టించడానికి చేసిన యత్నాలన్నీ విఫలమైనవి. శాస్త్రజ్ఞులు దీనికి డోలమైటు సమస్య అని పేరు పెట్టినారు.

ఆ విఫలయత్నాలలో ఒకదానిని ప్రత్యేకంగా చెప్పుకొనవలెను. అమెరికాలోని లింటన్ లాండ్ అనే శాస్త్రజ్ఞుడు డోలమైటు ఏర్పడదగిన ద్రావణాలను 25 డిగ్రీల వేడిమి వద్ద సీసాలలో భద్రపరచి 32 సంవత్సరాలు వేచి చూచినాడు. ద్రావణంలో పదార్థం కావలసిన దానికి వేయిరెట్లున్నది. డోలమైటు మాత్రం ఒక్క రేణువైనా పుట్టలేదు. 1998లో ఆయన ఆ వైఫల్యాన్ని వైఫల్యంగానే శీర్షికలో పెట్టి ప్రకటించినాడు. ఒక మనిషి తన ఉద్యోగజీవితమంతటి కాలం ఎదురుచూచి, ఫలితం లేదని లోకానికి చెప్పగలగడం విజ్ఞానచరిత్రలో చిన్న విషయం కాదు. జరగనిది జరగలేదని నిజాయితీగా నమోదు చేయనిచో తరువాతివారు అదే త్రోవలో మరల 32 సంవత్సరాలు నడవవలసి వచ్చేది.

ఇతరులు వేరు త్రోవలు పట్టినారు. బ్రెజిల్‌లోని లగోవా వెర్మేల్యా అనే మడుగులో డోలమైటు ఏర్పడుతుండడాన్ని పరిశీలించి, సల్ఫేటును ఆహారక్రియలో వినియోగించే సూక్ష్మజీవులు దానికి తోడ్పడుతున్నవని క్రిసోగొనో వాస్కోన్సెలోస్, జుడిత్ మెకెంజీలు 1995లో వెల్లడించినారు. నందిని రాతిలో గిన్నెలు మలచిన సూక్ష్మజీవుల దూరపు బంధువులు ఈ రహస్యంలో కూడా పాత్రధారులు కావచ్చునన్నమాట.

2023లో మిషిగన్, హొక్కైదో విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు మరొక సమాధానం చూపినారు. డోలమైటు స్ఫటికం పెరిగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం పరమాణువులు తమ వరుసలలో గాక ఎక్కడపడితే అక్కడ అంటుకొంటవి. ఆ అపక్రమం మీద కొత్త వరుస నిలువదు. పెరుగుదల ఆగిపోతుంది. కాని తప్పు స్థానంలో కుదురుకొన్న పరమాణువుల పట్టు బలహీనమైనది. నీరు పలుచబడినప్పుడు అవే ముందుగా కరగిపోతవి. మరల నీరు చిక్కబడినప్పుడు క్రమమైన వరుస ఏర్పడే అవకాశం కలుగుతుంది. నేతగాడు తప్పుపడిన పోగును విప్పి మరల వేసినట్లు, ప్రకృతి ఈ పనిని కరగించి, కూర్చి, మరల కరగించి సాగిస్తుంది. ఈ విధమైన మార్పుల వలన పెరుగుదల కోటి రెట్ల వరకు వేగవంతం కాగలదని వారు లెక్కించినారు. ఎలక్ట్రాన్ కిరణాన్ని రెండు గంటలలో సుమారు 4,000 మార్లు ప్రసరింపజేసి, తప్పులను కరగిస్తూ, స్ఫటికం మీద సుమారు 300 వరుసలు పెంచగలిగినారు. అంతకు ముందు ప్రయోగాలలో అయిదు వరుసలు దాటుటయే కష్టమై ఉండేది. సముద్రం పోటుపాట్లకు, వానకు ఎండకు మారుతూ వచ్చిన ప్రాచీన తీరాలలో డోలమైటు ఎందుకు విరివిగా ఏర్పడినదో, కదలిక లేని సీసాలలో 32 సంవత్సరాలైనా ఎందుకు పుట్టలేదో దీనివలన కొంత బోధపడుతున్నది.

సున్నపురాయి డోలమైటుగా మారినప్పుడు మారేది పేరు మాత్రమే కాదు. కాల్సైట్ కాఠిన్యం మోస్ కొలమానంలో 3. డోలమైటుది మూడున్నర నుండి 4. కాల్సైట్ సాంద్రత 2.71 కాగా డోలమైటుది సుమారు 2.86. మెగ్నీషియం పరమాణువు కాల్షియం కంటె చిన్నది. అందుచేత రెండు పాళ్ళ కాల్సైట్ స్థానంలో ఒక పాలు డోలమైటు ఏర్పడినచో ఘనపరిమాణం సుమారు 12, 13 శాతం తగ్గుతుంది. ఫ్రెంచి పండితుడు ఎలీ ద బోమాఁ ఈ లెక్కను 1830లలోనే కట్టినాడు. తగ్గిన ఆ భాగం రాతిలో చిన్నచిన్న ఖాళీలుగా మిగలవచ్చును. అన్ని సందర్భాలలో ఇట్లే జరుగుతుందని చెప్పరాదు. బయటి నుండి వచ్చిన కార్బనేట్ ఆ ఖాళీలను పూడ్చివేసిన డోలమైట్లు కూడా ఉన్నవి. కాని ఒక గుణం మాత్రం తరచుగా కనిపిస్తుంది. భూమి లోతున బరువు పడినప్పుడు సున్నపురాయి రేణువుల అంచులు కరగి, ఒకదానికొకటి అదుముకొని గట్టిపడతవి. డోలమైటు ఆ ఒత్తిడికి అంత సులభంగా లొంగదు. అందుచేత లోతులలో దానిలోని రంధ్రాలు ఎక్కువకాలం నిలుస్తవి. ఆ రంధ్రాలలో నీరు, కొన్ని దేశాలలో చమురు, వాయువు నిలువచేరినవి.

నీటికి కరగడంలో కూడా భేదమున్నది. వాననీరు గాలి నుండి, నేల నుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించి పలుచని ఆమ్లమై సున్నపురాతిని తొలుస్తుంది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు ఆ విధంగా ఏర్పడినవే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వాటిని పేర్కొన్నాడు. 3,229 మీటర్ల పొడవున కొలిచిన ఆ గుహామార్గాలు నీటి చేతిపని. డోలమైటు అదే నీటికి మరింత మెల్లగా కరుగుతుంది. డోలమైటు మీదకు వేడి శిలాద్రవం వచ్చినప్పుడు మరొక వింత జరుగుతుంది. పులివెందుల ప్రాంతంలో డోలరైట్ శిల వేంపల్లె డోలమైటులోనికి చొచ్చుకొని వచ్చిన చోట, అందలి మెగ్నీషియం సిలికాతో కలసి రాతినారగా మారినది. ఒకప్పుడు విలువైన సంపదగా త్రవ్విన ఆ నార ఊపిరితిత్తులకు ఎంతటి కీడు చేస్తుందో తరువాత తెలిసినది. ఆ పొరలలోనే తుమ్మలపల్లె వద్ద డోలమైటు రాతిని అంటిపెట్టుకొని యురేనియం లభించినది. ఒకే రాయి ఒక చోట సున్నం, ఒక చోట నార, ఒక చోట అణుశక్తికి ఇంధనం.

ఉక్కు పరిశ్రమలో డోలమైటుకు స్థానం కల్పించినవాడు లోహశాస్త్రాచార్యుడు కాదు. 1850లో జన్మించిన సిడ్నీ గిల్‌క్రిస్ట్ తామస్ లండన్‌లో పోలీసు న్యాయస్థానపు గుమాస్తా. పగలు కొలువు, రాత్రి రసాయనశాస్త్రాధ్యయనం. యూరప్‌లోని ఇనుపరాతిలో చాలభాగం భాస్వరంతో కూడినది. భాస్వరం మిగిలిన ఉక్కు పెళుసుగా విరిగిపోతుంది. కొలిమి లోగోడలు సిలికాతో కట్టినవి కావడంతో, భాస్వరాన్ని పట్టగల సున్నం వేస్తే అది ముందుగా గోడలనే తినివేసేది. డోలమైటును కాల్చి, దానితో లోగోడలు కట్టినచో సున్నం వాటి జోలికి పోక భాస్వరాన్ని పట్టుకొంటుందని తామస్ గ్రహించినాడు. బంధువైన పెర్సీ గిల్‌క్రిస్ట్ తోడ్పాటుతో చేసిన ప్రయోగాలు 1879లో మిడిల్స్‌బరోలో అందరి యెదుట సఫలమైనవి. భాస్వరం పట్టిన చిట్టెం పొలాలకు ఎరువుగా కూడా పనికివచ్చినది. తామస్ 1885లో, 34 సంవత్సరాల వయస్సులో మరణించినాడు.

ఛత్తీస్‌గఢ్ ఇనుము కథకు కూడా అటువంటి ఎదురుచూపు ఉన్నది. మైకల్ కొండలలోని అగరియాలు తరతరాలుగా చిన్న మట్టికొలిములలో కట్టెబొగ్గుతో ఇనుము కరగించేవారు. వెరియర్ ఎల్విన్ 1942లో వారిని గురించి ఒక గ్రంథమే వ్రాసినాడు. దుర్గ్ జిల్లాలోని ఇనుపరాతిని భూవిజ్ఞాని ప్రమథనాథ బోస్ సర్వేక్షణ సంస్థలో ఉన్న కాలంలో పరిశీలించినాడు. జమ్‌షెడ్జీ టాటా కుమారుడు దొరాబ్జీ, నాగపూర్ వస్తుప్రదర్శనశాలలో మధ్యపరగణాల భూవిజ్ఞానపటాన్ని చూచి, అందులో ఇనుము గుర్తు వేసిన ఈ ప్రాంతం మీదికి దృష్టి మళ్ళించినాడు. దల్లీ, రాజ్‌హరా కొండలను పరిశీలించగా ఇనుపరాయి మేలైనదే. కాని దానికి తగిన బొగ్గు దగ్గరలో లేదు. ఇంతలో 1904లో బోస్ మయూర్‌భంజ్ ఇనుమును గురించి లేఖ వ్రాయడంతో టాటాల కర్మాగారం తూర్పునకు తరలిపోయినది. దల్లీ రాజ్‌హరా మరి అర్ధశతాబ్ది వేచి ఉన్నది.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వాల నడుమ భిలాయి ఒడంబడిక కుదిరినది. సంవత్సరానికి 10 లక్షల టన్నుల ఉక్కు మొదటి లక్ష్యం. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి ఊదుకొలిమిని ప్రారంభించినారు. దక్షిణాన దల్లీ రాజ్‌హరా నుండి ఇనుపరాయి, ఉత్తరాన నందిని నుండి సున్నపురాయి, వంద కిలోమీటర్లకు పైగా దూరాన బిలాస్‌పూర్ జిల్లాలోని హిర్రి నుండి డోలమైటు భిలాయికి చేరసాగినవి.

ఊదుకొలిమిలో సున్నపురాయి చేసే పని ఇది. ఇనుపరాతితోపాటు ఇసుక, మట్టి కూడా కొలిమిలోనికి వస్తవి. వాటంతట అవి ఆ వేడిమికి కరగవు. సున్నపురాయి వేడికి విడిపోయి సున్నమవుతుంది. సున్నం ఆ ఇసుకతో, మట్టితో కలసి చిట్టెమై కరగి ఇనుము మీద తేలుతుంది. గంధకాన్ని కూడా కొంత తనలోనికి లాగుకొంటుంది. ఆ చిట్టెం జావవలె సాగితేనే కొలిమి సాఫీగా నడుస్తుంది. గట్టిపడితే కొలిమికి గొంతు పూడినట్లే. తగినంత మెగ్నీషియా కలిసినప్పుడు చిట్టెం పలుచబడుతుంది. ఆ మెగ్నీషియాను ఇచ్చేది డోలమైటు. కాల్చిన డోలమైటు ఉక్కు కొలిముల అడుగును, గోడలను కాపాడడానికి కూడా వినియోగపడినది. ఒక రాయి కరగి పనిచేయగా, మరొకటి కరగకుండా కూడా పనిచేసినది. సున్నపురాతిలో ఇసుక పాలు పెరిగినకొద్దీ ఆ ఇసుకను కరగించడానికే సున్నం ఖర్చవుతుంది. అందుచేతనే ఉక్కు తయారీకి సిలికా అతిస్వల్పంగా గల రాతిని రాజస్థాన్‌లోని జైసల్మేర్ వంటి దూరప్రాంతాల నుండి తెప్పించుకొనవలసి వచ్చినది. రాతిని పరీక్షించే చిన్న గదిలోని లెక్కలు కొలిమి ఆయుష్షును నిర్ణయిస్తవి.

ఈ కొలిముల వద్దకు దేశం నలుమూలల నుండి జనం వచ్చినారు. వారిలో తెలుగువారు గణనీయులు. 1931లో పూర్తియైన రాయపూర్ విజయనగరం రైలుమార్గం ఉత్తరాంధ్ర జిల్లాలకు ఈ ప్రాంతాన్ని అదివరకే చేరువ చేసినది. భిలాయి వీధులలో తెలుగు వినబడడం త్వరలోనే సహజమైనది. ఇంటిలో తెలుగు, పనిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ ఒక తరం పెరిగినది. చూనా పత్థర్ అన్నా, సున్నపురాయి అన్నా వారికి ఒకటే.

ఈ సంపదకు మూల్యం చెల్లించినవారు కూడా ఉన్నారు. కర్మాగారానికి, గనులకు పొలాలు ఇచ్చిన పల్లెలున్నవి. కన్హార్ నేలలో వరి పండించిన రైతు కుటుంబాలు కూలికి మారినవి. గుత్తేదారుల కింద చేతితో రాయి పగులగొట్టిన కార్మికులు తమ కూలి కోసం, మానం కోసం పోరాడవలసి వచ్చినది. దల్లీ రాజ్‌హరాలో 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వాన గని కార్మికులు సంఘంగా ఏర్పడినారు. తమ కష్టార్జితంతో 1983లో ఒక ఆసుపత్రిని స్థాపించుకొన్నారు. 1991 సెప్టెంబరు 28వ తేదీన నియోగి హత్యకు గురియైనాడు. ఉక్కు చరిత్రలో టన్నుల లెక్కతోపాటు ఈ లెక్క కూడా ఉండవలెను.

తెలుగు నేల మీద ఈ కథయే మరల జరిగినది. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన విశాఖ ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి జగ్గయ్యపేట గని నుండి, డోలమైటు ఖమ్మం జిల్లాలోని మాధారం గని నుండి కేటాయించినారు. భిలాయికి నందిని, హిర్రి ఎట్టివో విశాఖకు జగ్గయ్యపేట, మాధారం అట్టివి. 2014లో రాష్ట్రం రెండైన తరువాత ఒక రాయి ఒక రాష్ట్రంలో, మరొక రాయి మరొక రాష్ట్రంలో నిలిచినవి.

నందినిలో రాయి తీసిన గోతులలో కొన్నింట నీరు నిలిచినది. నీరు నిలిచిన చోటికి పక్షులు వచ్చినవి. త్రవ్వకం ముగిసిన గనిభూములలో మొక్కలు నాటి అడవి పెంచే కార్యం ఇటీవలి సంవత్సరాలలో ఆరంభమైనది. చెట్టు మరల పెరుగుతుంది. రాయి పెరగదు. సూక్ష్మజీవులు తెర మీద తెరగా కట్టిన పుట్ట కొలిమిలో ఒక్క పూటలో చిట్టెమై కరుగుతుంది. ఆ సముద్రం మరల రాదు.

కాళిదాసు కథలో దిలీపుని పరీక్షించిన అనంతరం నందిని సంతసించి తన పాలు త్రాగుమని రాజునకు చెప్పినది. రాజు వెంటనే త్రాగలేదు. ముందు దూడ త్రాగవలెను, తరువాత యజ్ఞకార్యానికి కావలసినది తీయవలెను, గురువు అనుమతించిన పిదప మిగిలినది మాత్రమే తనకు వలెనన్నాడు. తాను కాపాడిన భూమి నుండి రాజు గ్రహించే ఆరవపాలుతో దానిని పోల్చినాడు. భూమిని కాపాడినవానికే దాని నుండి తీసుకొనే హక్కు, అదియైనా ఆరవపాలు, అదియైనా దూడ త్రాగిన తరువాత. ఆ ధేనువు పేరు ధరించిన ఊరిలో రాతిని పితికినవారికి ఈ శ్లోకార్థం తెలియకపోవచ్చును. గోతులలోని నీటి ఒడ్డున నిలిచి, వంపుగీతల రాయి ఒకటి చేతికి తీసుకొన్నవారికి అది తోచకపోదు.